ఎవరు చెయ్యెత్తినా

మూడింటికి రమ్మంటే రెండింటికే వచ్చి కూర్చున్నాడు. ముందుగా వస్తే ఆలోచించుకోవడానికి ఒక గంట దొరుకుతుందని. పదహారు రోజులుగా ఆలోచించింది చాలనట్టు! పడుకుని ఆలోచించాడు, లేచి ఆలోచించాడు, పళ్ళు తోముకుంటూ నురగ మింగేసేంతగా ఆలోచించాడు, ఇక ఈ గంట ఒక్కటే తక్కువైంది. వరండా పొడుగ్గా ఉంది. ఒక పక్క మూసిన తలుపు, దాని మీద విచారణ గది అని చేత్తో రాసి అంటించిన కాగితం, ఇంకో పక్క చుక్కచుక్కగా కారుతున్న కుళాయి, మధ్యలో ఈ బెంచీ. బెంచీకి ఒక పలక ఊడిపోయి ఎలా కూర్చున్నా ఆ సందు తొడ కింద తెలుస్తూనే ఉంది. కొంచెం జరిగి కూర్చోవచ్చు. జరగాలా వద్దా అని కూడా ఇప్పటికి రెండుసార్లు ఆలోచించాడు, అదీ అతని సంగతి. ఎదురుగోడ మీద గడియారం, దాని కింద పటం. ఆ పటం అతనికి కొత్త కాదు, క్రేన్ తిరిగే ప్రతిచోటా ఉంటుంది. నెత్తిన టోపీ పెట్టుకున్న ఒకే మనిషి ఆరు బొమ్మల్లో నిలబడి ఉంటాడు. వేలు పైకి పెట్టి తిప్పితే బరువు పైకి లాగాలి, కిందికి పెట్టి తిప్పితే దించాలి, చెయ్యి పక్కకి చాపితే అటు తిప్పాలి, అలా ఐదు బొమ్మలు. ఆరో బొమ్మలో ఒట్టి అరచెయ్యి. దాని కింద మాత్రం ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది: ఆపు. ఎవరు చెయ్యెత్తినా ఆపాలి.

పధ్నాలుగేళ్ళుగా చూస్తున్న పటాన్ని ఇవాళ చూడలేక గడియారం వైపు చూశాడు, అక్కడేమో సెకన్ల ముల్లు. ఒకటి, రెండు, మూడు. మూడు సెకన్లంటే ఎంతసేపో ఇప్పుడతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో. ఒక ఆవులింత. సగం గ్లాసు నీళ్ళు. చొక్కాకి ఒక గుండీ పెట్టుకోవడం. అంతసేపట్లో బావమరిది కాలు మోకాలి కింద నుంచి పోయింది. క్రేన్ మీద ఉన్నది తను, కింద నిలబడి చేతులతో దారి చూపిస్తున్నది బావమరిది, అంటే భార్యకి సొంత తమ్ముడు, ఉద్యోగం ఇప్పించింది కూడా తనే. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. నిన్న పొద్దున్నే ఇంజనీరు దాన్ని చేతిలో పెట్టి, "అంతా టైపు చేయించాను, లోపల ఏం అడిగినా ఇదే చెప్పి సంతకం పెట్టెయ్, ఎక్కువ ఆలోచించకు," అన్నాడు. ఎండ కళ్ళలో పడటం వల్ల ఏ చెయ్యీ కనిపించలేదు అని ఉంది అందులో. ఒకే ఒక్క వాక్యం. పలకడానికి మూడు సెకన్లు కూడా పట్టవు, రాత్రి స్నానాలగదిలో తలుపేసుకుని పలికి చూసుకున్నాడు.

ఎక్కువ ఆలోచించకు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాడు. బళ్ళో మేష్టారు చెవి మెలేసి, జవాబు తెలుసా తెలీదా అంటే, తెలుసండీ, ఒక్క నిమిషం అనేవాడు. ఆ నిమిషం అయ్యేలోపు గంట కొట్టేవారు. అమ్మ సబ్బు తెమ్మని దుకాణానికి పంపితే ఎర్రదా పచ్చదా అని అక్కడే నిలబడి తేల్చుకునేసరికి దుకాణంవాడు తలుపులు మూసేవాడు, ఇంటికొస్తే అమ్మ, నిన్ను పంపే కంటే నేను పాకుతూ వెళ్ళినా ఈపాటికి వచ్చేదాన్ని కదరా అని నెత్తి కొట్టుకునేది. మీనమేషాలు లెక్కపెట్టడంలో వీడి తర్వాతే ఎవరైనా అని బంధువులంతా నవ్వేవారు. పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది, ఇంట్లో, వీధిలో, పనిలో అందరికీ అతను నిమిషమే. నిమిషంగారొచ్చారు, కుర్చీ వేయండి, కూర్చోవాలో వద్దో ఆలోచించుకుంటారు. అతనికి కోపం వచ్చేది కాదు. లేక, కోపం తెచ్చుకోవాలా వద్దా అని చూసుకునేలోపు వాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోయేవారు.

భార్య దీనికి పూర్తిగా తలకిందులు. ముందు చేసేస్తుంది, తర్వాత చూసుకుంటుంది. ఆ రోజుల్లో ఆమె జిరాక్స్ దుకాణంలో పనిచేసేది. లైసెన్సు కాగితాలు కాపీ తీయించాలని వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. అవే కాగితాలు మూడు వారాలపాటు కాపీలు తీయించాడు, ఇంట్లో కట్టలు పేరుకుపోయాయి, నోరు మాత్రం పెగల్లేదు. చివరికి ఒక సాయంత్రం ఆమే, "అడిగేదేదో అడుగు, షట్టర్ వెయ్యాలి," అంది. అతను నీళ్ళు నములుతూ, అంటే, అది కాదు, నువ్వూ నేనూ అన్నాడో లేదో, "సరే," అంది. సరేనా? "సరే అన్నానుగా, ఆ తాళం ఇటివ్వు." పెళ్ళయిన చాలా రోజులకి, నేను వేరే ఏదైనా అడగబోయానేమో, నీకెలా తెలుసు అని అడిగితే, అప్పుడు అదీ సరే అనేదాన్ని, తర్వాత సంగతి తర్వాత అని ఇంతెత్తున నవ్వింది. అలాంటి మనిషి. ఒక మధ్యాహ్నం అతను పని నుంచి వచ్చేసరికి గదంతా చిలకపచ్చ రంగు వేసేసి, చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగి చూసి, ఛీ, ఇదేంటి ఇలా ఉంది అని తనే తిట్టుకుంది. ఆ పచ్చరంగులోనే తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్నారు. వేరే రంగు వేద్దాం అని అతను అన్నాడు, ఏ రంగన్నది ఇంకా తేలలేదు. ఆమె చేసిన తప్పులు గోడల మీద కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు చూసి నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. అతని తప్పులు ఎవరికీ కనిపించవు, చేయని పనులకి రంగేముంటుంది. ఒక్క నిమిషం అనే మాట అతన్ని వెక్కిరించడానికి తప్ప ఆమె నోట ఎప్పుడూ రాలేదు. పొద్దున ఆసుపత్రికి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూనే, "తమ్ముడు చెప్పినట్టే ఎండ అని చెప్పేసి వచ్చెయ్. అక్కడ కూర్చుని తవ్వుకోకు, అర్థమైందా?" అంది. ఆమె నిజంగానే ఎండ అనుకుంటోంది. అదే కదా గొంతులో ముల్లు.

కుళాయి కింద బకెట్టు నిండిపోయి నీళ్ళు గచ్చు మీదకి పారుతున్నాయి. లేచి కట్టేయాలి. ఎవరైనా వస్తారేమో. ఎవరూ రాలేదు, నీళ్ళు మెల్లగా బెంచీ కాలు దాకా వచ్చాయి, అప్పుడు లేచి కట్టేసి మళ్ళీ వచ్చి అదే సందు మీద కూర్చున్నాడు.

ఇంత తాత్సారం మనిషి క్రేన్ ఎలా నడుపుతాడని అందరికీ ఆశ్చర్యం. వాళ్ళకి తెలియదు, క్రేన్ మీద ఉన్నంతసేపూ అతను ఆలోచించేవాడే కాదు. ఆ ఉద్యోగంలో సుఖమంతా అదే. నూటపాతిక మెట్లెక్కి ఆ అద్దాల డబ్బాలో కూర్చుని రెండు పిడులు పట్టుకుంటే చాలు, ఇక బుర్రతో పని లేదు, కింద నిలబడ్డ మనిషి చేతులే బుర్ర. చెయ్యి పైకంటే పైకి, కిందంటే కిందికి. వాకీటాకీ ఉండేది కానీ దానిలో గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు, అంతా చేతులతోనే. "నీ బుర్ర పైకి తీసుకెళ్ళకు బావా, కింద నా దగ్గర పెట్టి వెళ్ళు, సాయంత్రం ఇచ్చేస్తా," అనేవాడు బావమరిది రోజూ, మెట్లెక్కబోతుంటే. సాయంత్రం దిగగానే జేబులోంచి తీసి ఇస్తున్నట్టు గుప్పిట చాపేవాడు, ఇదిగో, చూసుకో, అంతా ఉందా? ఐదేళ్ళు అదే హాస్యం. ఐదేళ్ళూ నవ్వారు. పిడులు పట్టుకున్న అతని చేతుల్లో నిదానం ఉంది, ఎంత బరువైనా నిద్రపోతున్న పసిపాపని పక్కలో వేసినంత మెత్తగా దించుతాడని పేరు తెచ్చుకున్నాడు. పని నేర్పినాయన, ఆయనకి ఒక కన్ను కొంచెం మెల్ల, మొదటి రోజునే చెప్పాడు: అన్ని సంకేతాలకీ సిగ్నల్ మనిషి చెయ్యి ఒక్కటే చూడు, ఇంకెవరు ఎగిరి గంతేసినా పట్టించుకోకు, కానీ ఆపు అని మాత్రం ఎవరన్నా ఆపు. కుక్క తోక ఊపినా ఆపు. ఎందుకు ఊపిందో తర్వాత కనుక్కుందాం. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వకుండా, తోక ఊరికే ఊపిందో ఆపమని ఊపిందో ఎలా తెలుస్తుందండీ అని అడిగాడు. ఆయన తలపట్టుకుని, తెలియక్కర్లేదురా నాయనా, ముందు ఆపు, తర్వాత ఆలోచించు, ఆపిన బరువు గాల్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు అన్నాడు.

పధ్నాలుగేళ్ళు ఆపాడు. ఎన్నిసార్లు అని! మేస్త్రీ టోపీ సర్దుకోవడానికి చెయ్యెత్తినా ఆపాడు, రోడ్డు మీద ఎవరో బస్సుని పిలిచినా ఆపాడు, కిందివాళ్ళు విసుక్కున్నా ఆపాడు. మరి ఆ రోజు ఏమైంది? ఇంట్లో గొడవేం లేదు, ఒంట్లో నలత లేదు, అన్నం వేళకి తిన్నాడు. ఏదో ఒక కారణం దొరికితే దాని మీద పడి ఏడ్చేవాడు. దొరకలేదు. మూడో అంతస్తు స్లాబు మీద ఇనప చువ్వల కట్ట దించాడు. సరైన చోట పడలేదు, కొంచెం లేపి జరపాలి. బావమరిది వేలు పైకి పెట్టి మెల్లగా తిప్పుతున్నాడు, లేపు, లేపు. అతని వెనకాల, అతనికి కనిపించని చోట, ఒక చువ్వ కొస పరంజా గొట్టం కిందికి దూరి ఉంది. అది చూసింది నీళ్ళావిడ. పనివాళ్ళకి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి ఇచ్చే ఆవిడ, స్లాబు అంచున నిలబడి ఉంది, బిందె చంకలో ఉంది. బిందె వదిలేసి చెయ్యెత్తింది. అరచెయ్యి. పైనుంచి ఆవిడ బొటనవేలంత కనిపిస్తోంది, ఆ చెయ్యి గోరంత, అయినా తేటగా కనిపించింది, ఎండ వీపు వైపు ఉంది, కళ్ళలో ఏ ఎండా లేదు. మొదటి సెకను: చెయ్యి. రెండో సెకను: ఇటు వేలు లేపమంటోంది, అటు చెయ్యి ఆపమంటోంది, ఎవరి మాట వినాలి? మూడో సెకను. మూడో సెకను దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ అతని మనసు మొండికేసి పక్కకి తిరిగిపోతుంది, కుళాయి వైపు, గడియారం వైపు, భార్య వేసిన పచ్చరంగు వైపు. అప్పటికి పిడి లాగుతూనే ఉన్నాడు. గొట్టం విల్లులా వంగి ఒక్కసారిగా వదిలేసింది, కట్ట ఊగి బావమరిదిని తీసుకెళ్ళి స్తంభానికి అదిమింది. అప్పుడు ఆపాడు. అప్పుడు అందరూ చెయ్యెత్తారు, ఎంతమంది చేతులో.

ఆసుపత్రిలో తెలివొచ్చాక బావమరిది దుప్పటి ఎత్తి చూసుకుని మళ్ళీ కప్పుకున్నాడు. తర్వాత, "పోనీలే బావా, గోళ్ళు తీసుకునే పని సగం తప్పింది," అన్నాడు. అక్క ఏడుస్తూనే వాడి నెత్తి మీద ఒక్కటి వేసింది. అందరూ బయటికి వెళ్ళాక వాడు చెయ్యి పట్టుకుని, "బావా, ఎండ పడిందని చెప్పు. నా కాలు ఎలాగూ రాదు, నీ లైసెన్సైనా ఉండనీ," అన్నాడు. అడగలేదు, చూశావా లేదా అని. వాడికి ఆ ప్రశ్నే తట్టలేదు. అక్కలాగే, ముందు ఇచ్చేయడం, తర్వాత చూసుకోవడం. ఒక్క నిమిషంరా, నీకొక మాట చెప్పాలి అని నోటిదాకా వచ్చింది. నర్సు వచ్చింది, సెలైన్ మార్చింది, వెళ్ళింది. ఆ మాట చెప్పకుండానే పదహారు రోజులు అయిపోయాయి. నిద్ర అన్నది కళ్ళ దాకా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోతోంది. ఒళ్ళు హూనమైపోయింది, ఏ పనీ చేయకుండానే.

చెప్పుల చప్పుడైంది. తల తిప్పితే నీళ్ళావిడ. ఆవిడ్ని కూడా పిలిచారన్నమాట! పైనుంచి బొటనవేలంత కనిపించిన మనిషి దగ్గర్నుంచి చూస్తే మామూలు మనిషే, యాభై దాటి ఉంటాయి, చంకలో బిందె లేకపోయేసరికి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది. బెంచీకి ఆ చివర సర్దుకుని కూర్చుంది.

"బాగున్నారా బాబూ? కుర్రాడికి ఎలా ఉంది?"

"పర్లేదమ్మా."

"తింటున్నాడా?"

"తింటున్నాడు."

ఇంకేం అడుగుతుందో అని చూశాడు. ఆవిడ ఏమీ అడగలేదు, కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది, అదీ నాలుగు మడతలే, అదే ఇంజనీరు, అదే టైపు. "సంతకం పెట్టడం వచ్చు కానీ చదవడం రాదు నాకు. ఇందులో ఏముందో కాస్త చదివి పెడతారా? సంతకం పెడితే చాలు, ఏం కాదు అన్నారులెండి. అయినా ఏం రాశారో తెలిస్తే మంచిది కదా." కాగితం తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండాల్సింది, కళ్ళజోడు తేలేదని అని ఉండాల్సింది, అదంతా తీసుకున్నాక తట్టింది. చదివాడు. పైకి చదవాలి కాబట్టి పైకి చదివాడు, తన గొంతు తనకే వినిపిస్తుండగా. బరువు దించే సమయంలో వెళ్ళకూడని చోటికి నా అంతట నేనే వెళ్ళాను. సిగ్నల్ మనిషి దృష్టి నా వల్ల చెదిరింది. క్రేన్ కదిలిన తర్వాత మాత్రమే నేను చెయ్యి ఎత్తాను. జరిగినదానికి నాదే బాధ్యత.

"తర్వాతా?" అంది ఆవిడ.

అతను కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ముందే ఎత్తాననుకున్నానే," అంది మెల్లగా, తనలో తను. "బిందె పడేసి మరీ ఎత్తాను. బిందె పడ్డ చప్పుడు తర్వాత ఆ గొట్టం చప్పుడు విన్నాను. అలాగే గుర్తు. ఏమో బాబూ, వయసైపోతోంది, రోజూ అదే తల్చుకుని తల్చుకుని ఏది ముందో ఏది వెనకో కలిసిపోయింది నాకు. మీకు కనిపించలేదంటే తర్వాతే అయ్యుంటుంది. నేనొక్క క్షణం ముందు ఎత్తి ఉంటే ఆ కుర్రాడి కాలు నిలిచేది కదా. నిద్రపట్టడం లేదు." కాగితం అతని చేతిలోంచి తీసుకుని మళ్ళీ అవే మడతల మీద జాగ్రత్తగా మడతపెట్టి కొంగున ముడేసుకుంది. ఆవిడకీ నిద్ర లేదు. అతను పోగొట్టిన నిద్ర అది, తన నిద్ర పోతే పోయింది, ఈవిడ నిద్ర ఎందుకు పోవాలి? బావమరిది కాలు పోయింది, ఇప్పుడు ఈవిడ కళ్ళ మీద ఈవిడకి ఉన్న నమ్మకం పోతోంది, రేపటి నుంచి పని కూడా పోతుంది, ఆ చివరి వాక్యం అందుకే కదా రాయించారు. ఎండ అని తను అనగానే ఆ కాగితం నిజమైపోతుంది. ఎండ అనకపోతే? లైసెన్సు పోతుంది. పోతే పోనీ, సరుకు ఎత్తే చేతులు ఏదో ఒకటి ఎత్తుకుంటాయి. అది కాదు. లైసెన్సు గురించి కాదు అతని భయం, పదహారు రోజులుగా లైసెన్సు అని తనకు తాను చెప్పుకుంటున్నది ఒట్టి బుకాయింపు. భార్యకి తెలుస్తుంది. నా తమ్ముడి కాలు మీదకి బరువు వస్తుంటే నువ్వు చూస్తూ ఆలోచిస్తూ కూర్చున్నావా అంటుంది. అనకపోవచ్చు కూడా. ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు, కోపమొస్తే గిన్నెలు విసిరేస్తుంది, విసిరిన గిన్నె తనే ఏరుకొచ్చి సొట్ట తీస్తుంది. దానికైతే అతను తట్టుకోగలడు. ఆమె ఏమీ అనకుండా చూస్తే? ఇంత కాపురంలో ఆమె అతని నిదానాన్ని ముద్దుగానే చూసింది, నలుగురిలో వెక్కిరించినా ఇద్దరే ఉన్నప్పుడు, నువ్వు ఆలోచిస్తావనే కదా నేను ఆలోచించకుండా బతుకుతున్నాను అనేది. ఆ మాట ఇక అనదు.

చెప్పొచ్చు, ఇవాళ కాదు, కొంచెం ఆగి, ముందు ఇంట్లో చెప్పి తర్వాత ఇక్కడ చెప్పొచ్చు, లేకపోతే ముందు బావమరిదికి చెప్పి, లేకపోతే ఎండ అనీ అనకుండా సరిగ్గా గుర్తులేదు అని చెప్పి, లేదంటే ఈవిడ కాగితం మార్చమని ఇంజనీరుని అడిగి. మళ్ళీ మొదలైంది. ఎర్రదా పచ్చదా. ముల్లు తిరుగుతూనే ఉంది. ఆలోచించడం అంటే మంచిచెడ్డలు చూసుకోవడం అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు, ఎంత గొప్పగా అనుకున్నాడు, తొందరపడేవాళ్ళని చూసి లోలోపల ఎంత జాలిపడ్డాడు! దుకాణం మూసేదాకా నిలబడటానికి అదొక పేరు, అంతే. అలసిపోయాడు. ఎవరైనా వచ్చి, నీ బుర్ర ఇక్కడ పెట్టి వెళ్ళు, సాయంత్రం ఇచ్చేస్తా అంటే ఎంత బాగుండు. అనేవాడు ఆసుపత్రిలో ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. "క్రేన్ డ్రైవరు ఎవరండీ?" లేచాడు. నీళ్ళావిడ, "భయపడకండి బాబూ, ఉన్నది చెప్పండి," అంది, వెళ్ళిరండి అన్నంత మామూలుగా.

లోపల బల్ల వెనక విచారణ అధికారి, కొంచెం పెద్దాయన, ముందు మూడు కలాలు వరసగా పెట్టుకున్నాడు. పక్కన ఇంజనీరు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అధికారి కుర్చీ చూపించి, "కూర్చోండి. తొందరేం లేదు. బాగా ఆలోచించుకుని చెప్పండి. ఆ రోజు మీరు పైనుంచి..."

"చూశానండి."

"నేనింకా అడగలేదు."

"ఆవిడ చెయ్యెత్తడం చూశానండి. ముందే ఎత్తింది. కట్ట కదలకముందే ఎత్తింది. ఎండ నా వీపు వైపు ఉంది."

ఇంజనీరు ఫోను కింద పెట్టాడు. పెద్దాయన ఒక కలం తీసి, దాన్ని పెట్టేసి, ఇంకోటి తీశాడు. "చూశారు. మరి ఆపలేదెందుకు?"

"ఆలోచించానండి."

"ఏమని?"

మూడో సెకను. మనసు అలవాటుగా పక్కకి తిరగబోయింది, కుళాయి కట్టేసి ఉంది, గడియారం గోడకి అవతల ఉండిపోయింది, తిరగడానికి చోటు దొరకలేదు. "నీళ్ళు మోసే మనిషి, నాకు చెప్పేదేంటి అనుకున్నానండి," అన్నాడు. పెద్దాయన తలెత్తి చూసి, మళ్ళీ దించి, రాయడం మొదలుపెట్టాడు. ఇంజనీరు ఏదో అనబోతే ఆయన తలెత్తకుండానే ఎడమ అరచెయ్యి పైకెత్తాడు, ఇంజనీరు ఆగాడు. రాసింది చదివి వినిపించి సంతకం పెట్టమంటే పెట్టాడు. జేబులో కాగితం తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

బయట నీళ్ళావిడ లేచి నిలబడింది. "అయిపోయిందా? ఏమడిగారు?"

"మీరు ఆ కాగితం మీద సంతకం పెట్టకండమ్మా. మీరు ముందే ఎత్తారు. నేను చూశాను, లోపల చెప్పాను."

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసింది. "ముందేనా?" అంది. తర్వాత బెంచీ మీద మెల్లగా కూర్చుండిపోయి, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట," అంది. కొంగు ముడి విప్పి మళ్ళీ వేసింది. "మరి ఎందుకు ఆపలేదు బాబూ? ఎవర్నో పిలుస్తున్నాననుకున్నారేమోలే, అంత ఎత్తు నుంచి ఏం తెలుస్తుంది."

"అది కాదమ్మా," అన్నాడు. మిగతాది కూడా చెప్పాలి. లోపల ముక్కూమొహం తెలియనాయనకి చెప్పింది ఈవిడకే చెప్పాలి. నోరు తెరిచేలోపు జేబులో ఫోను మోగింది. ఇంటావిడ.

"అయిందా? ఎండ అనే చెప్పావుగా? వీడు పొద్దుట్నుంచి బావ బావ అని నా ప్రాణం తీస్తున్నాడు, ఆపిల్ కోసిస్తే తినకుండా పెట్టుకున్నాడు, నువ్వొచ్చాక తింటాట్ట. ఏం మాట్లాడవేంటి?"

వెనకాల బావమరిది గొంతు, "బావేనా? ఇటివ్వక్కా," అంటోంది.

నీళ్ళావిడ పక్కనే ఉంది. దూరంగా వెళ్ళి మాట్లాడొచ్చు. వెళ్ళలేదు. "నేను చూశాను," అన్నాడు. "ఎండ లేదు. నీళ్ళావిడ ఆపమని చెయ్యెత్తింది, నేను చూశాను. నీళ్ళు మోసే ఆవిడ నాకు చెప్పేదేంటి అనుకుంటూ మూడు సెకన్లు ఆపలేదు. ఆపి ఉంటే వాడి కాలు ఉండేది. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. ఇప్పుడు లోపల చెప్పేశాను."

బెంచీ మీద నీళ్ళావిడ చేతులు కొంగు ముడి మీద ఆగిపోయాయి. ఫోనులో ఆసుపత్రి చప్పుళ్ళు వినిపించాయి, ఎవరిదో మంచం తోసుకెళ్తున్న చక్రాలు, స్టీలు పళ్ళెంలో చాకు పెట్టిన చిన్న చప్పుడు. ఏమంటున్నాడక్కా బావ, అన్నాడు తమ్ముడు. ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"ఒక్క నిమిషం," అంది.

వెక్కిరింపు కాదు. అతను ఫోను చెవికి ఆనించుకుని, ఆరో బొమ్మ ఎదురుగా నిలబడ్డాడు.